ఖగోళశాస్త్రాన్ని వింటూ నేర్చుకోవడం ఎలా

నడుస్తూనో, పనులు చేసుకుంటూనో ఇయర్‌ఫోన్స్‌లో కృష్ణబిలాల గురించీ, అంగారక ప్రయాణాల గురించీ గంటలకొద్దీ వినేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వింటున్నంతసేపూ ఒళ్లు పులకరిస్తుంది. అయిపోయాక ఎవరైనా "ఏం విన్నావ్?" అని అడిగితే మాత్రం "అబ్బో, విశ్వం చాలా పెద్దది" అనడం తప్ప ఇంకేం నోటికి రాదు. తప్పు మీది కాదు, చెప్పేవాళ్లదీ కాదు. ఈ సబ్జెక్టులో సంఖ్యలు మన అనుభవానికి అందనివి, ఎదురుగా బొమ్మ ఉండదు, పైగా చెప్పేవాళ్లకు టైమ్ తక్కువ కాబట్టి ఫలితం చెప్పేసి అది ఎలా బయటపడిందన్న కథను దాటేస్తారు. నిజానికి మనసులో నిలిచేది ఆ కథే. అందుకే ఇక్కడ మీ చేత చేయించాలనుకుంటున్నది ప్రధానంగా ఒక్క పనే: ఏది విన్నా ఒక క్షణం ఆగి "ఇది ఎలా తెలిసింది?" అని అడగడం. ఆ ప్రశ్నకు మీ అంతట మీరే సగం జవాబు చెప్పుకోగలగాలంటే కొంత సరంజామా కావాలి, దాన్ని ఏ వరుసలో సమకూర్చుకోవాలో చెబుతాను. పెద్ద లెక్కలేం అక్కర్లేదు, గుణకారం, భాగహారం వస్తే చాలు.

1. ఒక దారి పట్టుకోండి, తాజా వార్తలతో మాత్రం మొదలుపెట్టకండి

అంతరిక్షం అని మనం ఒకే మాటగా అనేస్తాం కానీ అందులో మూడు దారులున్నాయి. ఆకాశంలో ఏముంది, ఎప్పుడు ఎక్కడ కనిపిస్తుంది అనేది ఒకటి. నక్షత్రం ఎందుకు వెలుగుతుంది, గెలాక్సీ ఎందుకు తిరుగుతుంది అనే భౌతికశాస్త్రం రెండోది. మనుషులు, యంత్రాలు అక్కడికి వెళ్లిన కథ మూడోది. మూడూ ఒకేసారి కలిపి వింటే ఏదీ అంటదు. కథలంటే ఇష్టమున్నవాళ్లు మూడోదానితో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ శబ్దం అసలు సాక్ష్యం, బొమ్మకు బదులుగా పెట్టింది కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, యాప్ తెరవగానే పైన కనిపించే తాజా ఎపిసోడ్ నొక్కడం. నిన్న ప్రకటించిన ఫలితం అర్థం కావాలంటే అంతకు ముందు వందేళ్లలో జరిగింది కొంతైనా తెలిసుండాలి. అందుకని మొదటి రెండు మూడు నెలలు పాఠంలా సాగే కార్యక్రమాలనే వినండి, ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో అంశం తీసుకునేవి. ఆస్ట్రానమీ కాస్ట్ అనే పాడ్‌కాస్ట్ 2006 నుంచి అలాగే నడుస్తోంది, మీకు కావలసిన అంశాన్ని దాని పాత ఎపిసోడ్లలో వెతుక్కోవచ్చు. నాసా వాళ్లవే క్యూరియస్ యూనివర్స్, హ్యూస్టన్ వీ హ్యావ్ ఎ పాడ్‌కాస్ట్ అని రెండున్నాయి, రెండోది మానవ అంతరిక్షయానం మీద. ఇవి ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి స్పీడ్ 0.8కి తగ్గించి వినడంలో నామోషీ ఏమీ లేదు. ఇంటర్వ్యూలు, వార్తలు ఆ తర్వాత.

ఇంకో చిన్న విషయం. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. వింటూ వింటూ బిలియన్ వినపడగానే కోట్లలోకి మార్చుకునే అలవాటు చేసుకోండి. విశ్వం వయసు 13.8 బిలియన్ ఏళ్లు అంటే 1,380 కోట్ల ఏళ్లు. ఈ మార్పు నోటికి రాకపోతే మిలియన్, బిలియన్ రెండూ "చాలా ఎక్కువ" అన్న ఒకే గుంపులో పడిపోతాయి. వాటి మధ్య ఉన్నది వెయ్యి రెట్ల తేడా మరి.

2. కాంతి ప్రయాణ సమయాన్ని కొలబద్ద చేసుకోండి

కిలోమీటర్లు మర్చిపోండి. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు వెళుతుంది, ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే మిగతావన్నీ సమయంగా మారిపోతాయి, సమయం మనకు అనుభవంలో ఉన్నదే. చంద్రుడు 1.3 సెకన్ల దూరం. సూర్యుడు 8 నిమిషాల 20 సెకన్లు. బృహస్పతి భూమి నుంచి ఏ సమయంలో చూస్తున్నారన్నదాన్ని బట్టి 35 నుంచి 50 నిమిషాల పైచిలుకు. నెప్ట్యూన్ 4 గంటలు. 1977 సెప్టెంబర్‌లో బయలుదేరిన వాయేజర్ 1 నుంచి సంకేతం ఇక్కడికి రావడానికి దాదాపు ఒక పూర్తి రోజు పడుతోంది. మనిషి చేసిన వస్తువుల్లో అన్నిటికన్నా దూరం వెళ్లింది అదే. ఆ తర్వాత ఒక్కసారిగా పెద్ద ఖాళీ వస్తుంది చూడండి: సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 ఏళ్ల దూరంలో ఉంది. అంటే ఒక రోజు నుంచి నేరుగా నాలుగేళ్లకు గెంతాం, మధ్యలో చెప్పుకోదగ్గ మజిలీ ఏదీ లేదు. "నక్షత్రాలకు ఎప్పుడు వెళతాం?" అన్న చర్చ ఏ ఎపిసోడ్‌లో వచ్చినా ఈ ఖాళీని గుర్తుచేసుకుంటే, అక్కడ చెబుతున్నది ఎంతవరకు ఇంజనీరింగో, ఎంతవరకు ఆశో మీకే తెలిసిపోతుంది.

ఇంకా పైకి వెళితే మన గెలాక్సీ అయిన పాలపుంత ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు (కాంతి ఒక ఏడాదిలో వెళ్లే దూరమే కాంతి సంవత్సరం), సూర్యుడు దాని కేంద్రం నుంచి 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాలు. చీకటి బాగా ఉన్నచోట అది మామూలు కంటికే మసక మరకలా కనిపిస్తుంది.

ఈ మెట్లను ఒక కాగితం మీద వరుసగా రాసి దగ్గర పెట్టుకోండి: సెకను, నిమిషాలు, గంటలు, రోజు, ఏళ్లు, లక్ష ఏళ్లు, లక్షల ఏళ్లు, వందల కోట్ల ఏళ్లు. ఏ ఎపిసోడ్ విన్నా మొదట చేయాల్సిన పని, వాళ్లు మాట్లాడుతున్న వస్తువు ఏ మెట్టు మీద ఉందో వేలు పెట్టి చూపించడం. గ్రహశకలం గురించైతే నిమిషాల మెట్టు. కొత్తగా దొరికిన బయటి గ్రహమైతే ఏళ్లు, పదుల ఏళ్లు, వందల ఏళ్లు, అంటే మన పాలపుంతలోనే, ఇంకా చెప్పాలంటే మన వీధిలోనే. చాలామంది తికమక ఇక్కడే పడతారు, సౌరకుటుంబం, గెలాక్సీ, విశ్వం మూడూ కలిసిపోతాయి. ఈ కాగితం పక్కన ఉంటే ఆ తికమక వారంలో పోతుంది.

మెట్లు గుర్తుండటానికి ఒక మంచి పని చెబుతాను. మీ వయసు నక్షత్రాన్ని వెతకండి. మన పంచాంగంలో వినే పేర్లే చాలావరకు సరిపోతాయి. అభిజిత్ 25 కాంతి సంవత్సరాలు, స్వాతి 37, రోహిణి 65, మఖ 79. మీకు 37 ఏళ్లయితే ఈ రాత్రి మీ కంట్లో పడే స్వాతి వెలుగు మీరు పుట్టిన రోజుల్లో అక్కడ బయలుదేరినది. పిల్లలకైతే 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న సిరియస్ ఉంది, రాత్రి ఆకాశంలో కనిపించే నక్షత్రాల్లోకెల్లా ప్రకాశవంతమైనది అదే. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేరు కొడితే ఇప్పుడు ఆకాశంలో ఎక్కడుందో చూపిస్తుంది. ఒక్కసారి ఇలా చూస్తే "కాంతి సంవత్సరం" అన్న మాట మీకు మళ్లీ ఎప్పుడూ ఖాళీగా వినిపించదు.

3. "ఎలా తెలిసింది?" అనే ప్రశ్నకు నాలుగు జవాబులు ముందే నేర్చుకోండి

అసలైన అడుగు ఇదే, ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. ఖగోళశాస్త్రవేత్తలు నక్షత్రాన్ని ల్యాబ్‌కు తెచ్చుకోలేరు. వాళ్ల చేతికొచ్చేది దాదాపు ఎప్పుడూ కాంతి ఒక్కటే. ఆ కాంతి ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎంత వచ్చింది, ఏ రంగుల్లో వచ్చింది, కాలంతో ఎలా మారింది అని ప్రధానంగా ఈ నాలుగు కొలుస్తారు. మీరు వినే ఫలితాల్లో చాలావరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని నుంచో, రెండు మూడింటి నుంచో బయటికి వచ్చిందే.

దిక్కుతో మొదలుపెడదాం. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి, వేలు వెనకున్న గోడ మీద అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆరు నెలల్లో 30 కోట్ల కిలోమీటర్లు అవతలికి చేరుతుంది కాబట్టి దగ్గరి నక్షత్రాలు కూడా దూరపు నక్షత్రాల ముందు అలాగే జరుగుతాయి. ఎంత జరుగుతాయంటే, ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒకటిన్నర భాగం దగ్గరే, అతి దగ్గరి నక్షత్రానికి కూడా. 1838లో బెసెల్ అనే జర్మన్ ఖగోళవేత్త 61 సిగ్ని అనే నక్షత్రానికి దీన్ని కొలిచి దూరం చెప్పాడు. 2013లో పంపిన యూరప్ వాళ్ల గయా వ్యోమనౌక 100 కోట్లకు పైగా నక్షత్రాలకు ఇదే పని చేసింది. వింటున్నప్పుడు "పారలాక్స్" అన్న మాట వస్తే మీ బొటనవేలు గుర్తు తెచ్చుకోండి.

అంతకు మించిన దూరాల్లో నక్షత్రం జరగడం కనిపించదు. అక్కడ వెలుగు ఎంతన్నది, కాలంతో ఎలా మారుతోందన్నది కలిపి వాడతారు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో పనిచేసిన హెన్రియెట్టా లీవిట్ 1912లో ఒక విషయం ప్రచురించింది: సెఫీడ్ అనే రకం నక్షత్రాలు వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి, నెమ్మదిగా మారేవి అసలు ప్రకాశంలో ఎక్కువ, త్వరగా మారేవి తక్కువ. అంటే ఎన్ని రోజులకోసారి మారుతోందో చూస్తే దాని నిజమైన ప్రకాశం తెలిసిపోతుంది. ఇక్కడికి ఎంత మసకగా కనిపిస్తోందో పోల్చితే దూరం వచ్చేస్తుంది. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ కనిపెట్టి దూరం లెక్క కట్టాకే, అది మన పాలపుంతలోని మబ్బు కాదని, బయట ఉన్న మరో గెలాక్సీ అని తేలింది. ఒక మహిళ ఫొటో పలకల మీద చుక్కలు లెక్కపెడుతూ గమనించిన విషయం వల్ల విశ్వం మన గెలాక్సీతోనే అయిపోలేదని తెలిసింది. ఈ కథ వస్తే ఆ ఎపిసోడ్ రెండుసార్లు వినండి, దీని మీద కట్టిందే మిగతా అంతా. ఇంకా దూరానికి టైప్ 1ఎ సూపర్‌నోవాలు, అంటే ఒక రకం నక్షత్ర పేలుళ్లు వాడతారు. వాటితోనే 1998లో విశ్వం విస్తరణ వేగం పుంజుకుంటోందని రెండు బృందాలు విడివిడిగా చెప్పాయి.

ఇక రంగులు. కాంతిని విడదీస్తే వచ్చే వర్ణపటంలో సన్నని గీతలుంటాయి, ఒక్కో మూలకానికి తనదైన వరుస. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి సూర్యుడి అంచు కాంతిని ఇలా విడదీసి చూశాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో గమనించిన ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకంతోనూ సరిపోలేదు, ఇంగ్లండ్‌లో లాకియర్ దాన్ని కొత్త మూలకమే అన్నాడు. అదే హీలియం. భూమ్మీద అది రామ్సే చేతికి చిక్కింది 1895లో. 1925లో సిసీలియా పేన్ తన థీసిస్‌లో నక్షత్రాల్లో అధికశాతం హైడ్రోజనే అని చూపించింది, పెద్దవాళ్లు మొదట నమ్మలేదు. ఈ గీతలు ఎరుపు వైపు జరిగితే వస్తువు మన నుంచి దూరం వెళుతున్నట్టు, నీలం వైపు జరిగితే దగ్గరికి వస్తున్నట్టు. గెలాక్సీల పరుగు, నక్షత్రాలను సన్నగా ఊపే గ్రహాలు, కంటికి కనపడని కృష్ణబిలం చుట్టూ తిరిగే నక్షత్రాల వేగం అన్నీ ఈ గీతలు చెప్పినవే. 1995లో స్విస్ శాస్త్రవేత్తలు మేయర్, కెలోజ్ 51 పెగసీ నక్షత్రం చుట్టూ గ్రహాన్ని పట్టుకున్నది కూడా గీతలు నాలుగు రోజులకోసారి ముందుకీ వెనక్కీ ఊగడం చూసే. గ్రహాన్ని వాళ్లు చూడలేదు, ఇప్పటికీ బయటి గ్రహాల్లో ఎక్కువ వాటిని ఎవరూ నేరుగా చూడలేదు.

కాలంతో మార్పు విషయానికొస్తే, గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటుతుంటే వెలుగు కొంచెం తగ్గుతుంది. బృహస్పతి లాంటిది సూర్యుడి లాంటి నక్షత్రం ముందు దాటితే నూటికి ఒకటి, భూమి లాంటిదైతే పదివేలకు ఒకటి కంటే తక్కువ. కెప్లర్ టెలిస్కోప్ పట్టుకున్నది ఆ తగ్గుదలనే. ఈ సంఖ్య చాలు, భూమిలాంటి గ్రహాన్ని పట్టుకోవడం ఎందుకంత కష్టమో మీకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఇప్పుడు వినేటప్పుడు చేయాల్సింది: వాళ్లు ఒక ఫలితం చెప్పగానే పాజ్ నొక్కండి. దిక్కా, ప్రకాశమా, రంగా, కాలమా? ఊహించండి. మళ్లీ ప్లే నొక్కి చూడండి. మొదట్లో తప్పుతుంది, పర్వాలేదు, కొన్ని ఎపిసోడ్లయ్యాక చెప్పేవాళ్ల కన్నా ముందే మీకు తట్టడం మొదలవుతుంది, ఆ ఆనందం కోసమైనా చేయండి.

4. అంతరిక్ష "శబ్దాలు" వినిపించినప్పుడు ఏది ఏమిటో వేరు చేయండి

పాడ్‌కాస్ట్‌లలో కృష్ణబిలం శబ్దం, నక్షత్రం పాట అంటూ వినిపిస్తుంటారు. వినడానికి అద్భుతంగా ఉంటాయి, కానీ అన్నీ ఒక రకం కాదు. నిజంగా మైక్‌తో రికార్డు చేసినవి ఉన్నాయి: 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్ మీద మైక్‌లున్నాయి, అక్కడి గాలి చప్పుడు, రోవర్ చక్రాల చప్పుడు నిజమైన శబ్దాలే. ఆ పలుచని, చల్లని కార్బన్ డయాక్సైడ్ గాలిలో శబ్దం సెకనుకు 240 మీటర్ల దగ్గర వెళుతుంది, ఇక్కడ 340.

రెండో రకం, శబ్దం కాని అలను స్పీకర్‌కు పంపినవి. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో అనే పరికరం పట్టిన గురుత్వ తరంగం, అంటే స్థలంలోనే పుట్టే అల, ఇలాంటిది. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు స్థలమే కంపించింది. 4 కిలోమీటర్ల పొడవైన లైగో చేతులు ప్రోటాన్ కంటే వందల రెట్లు చిన్న మేర సాగి ముడుచుకున్నాయి. ఆ కంపనం పౌనఃపున్యం అదృష్టవశాత్తూ మన చెవికి వినపడే పరిధిలో ఉంది, సెకనులో ఐదో వంతు సమయంలో కింది స్థాయి నుంచి పైకి ఎగబాకుతుంది. బాస్ బాగా వచ్చే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్‌లో మొదటి భాగం వినపడదు. ఆ కూతలో రెండు కృష్ణబిలాల బరువులూ ఉన్నాయి. ఎంత త్వరగా పైకెక్కింది అన్నదాన్ని బట్టే బరువులు లెక్క కట్టారు.

మూడో రకం సోనిఫికేషన్, అంటే బొమ్మలోని వెలుగునో, కొలతనో స్వరాలుగా మార్చడం. ప్రకాశవంతమైతే గట్టిగా, పైన ఉంటే హెచ్చు స్వరంలో అని నియమం పెట్టుకుంటారు. పెర్సియస్ గెలాక్సీ గుంపులోని వేడి వాయువులో నిజంగానే పీడన అలలున్నాయని 2003లో చెప్పారు, కానీ అవి పియానో మధ్య స్వరం కన్నా 57 ఆక్టేవ్‌లు (స్థాయిలు) కింద. మనకు వినపడేలా అన్ని ఆక్టేవ్‌లు పైకెత్తి 2022లో విడుదల చేశారు. చూపు లేనివాళ్లు కూడా డేటాను పరిశీలించడానికి సోనిఫికేషన్ నిజంగా పనికొస్తుంది, ఊరికే అలంకారం అనుకోకండి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇందులో పైకెళ్లడం అంటే దేన్ని సూచిస్తోంది? ఆ నియమం చెప్పకుండా వినిపిస్తే అది నేపథ్య సంగీతం కిందే లెక్క.

5. మనుషుల ప్రయాణాలకు అసలు రికార్డింగులు వినండి

అపోలో యాత్రల సంభాషణలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అపోలో ఇన్ రియల్ టైమ్ అనే సైట్‌లో యాత్ర గడియారంతో పాటే వినొచ్చు. 1969 జూలై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగుతున్న ఆఖరి పావుగంట వినండి. 1202 అని కంప్యూటర్ అలారం మోగుతుంది, ఆల్డ్రిన్, ఆర్మ్‌స్ట్రాంగ్ అదేమిటో చెప్పమని అడుగుతారు, కంప్యూటర్ మీద పని భారం ఎక్కువైందని, అయినా ముఖ్యమైన పనులు అది వదిలిపెట్టట్లేదని గుర్తించి కొద్ది సెకన్లలోనే హ్యూస్టన్‌లోని కంట్రోల్ కేంద్రం "గో" (కొనసాగండి) అంటుంది. గొంతుల్లో కంగారు ఎంత తక్కువగా ఉందో గమనించండి. ఏ వ్యాఖ్యాతా దాన్ని మాటల్లో పెట్టలేరు.

ఈ రికార్డింగుల్లోనే మీరు స్వయంగా ఒక కొలత తీయొచ్చు. కొన్ని చోట్ల హ్యూస్టన్ మాట్లాడిన మాట చంద్రుడి మీది మైక్‌లో పడి ప్రతిధ్వనిగా తిరిగొస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మాటకూ ప్రతిధ్వనికీ మధ్య సమయం చూడండి, 2.6 సెకన్ల దగ్గర వస్తుంది. దాన్ని 3 లక్షలతో గుణించి, రానూ పోనూ కాబట్టి సగం చేస్తే 3,90,000 కిలోమీటర్లు. చంద్రుడి దూరాన్ని మీరు చెవులతో కొలిచారు. ఎవరో చెప్పిన సంఖ్య కాదిది, మీ సంఖ్య. నన్నడిగితే ఈ గైడ్‌లో మిగతా ఏదీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

మానవ అంతరిక్షయానం గురించి ఏది విన్నా మూడు విషయాలు మనసులో ఉంచుకోండి. మొదటిది పడటం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది, అక్కడ గురుత్వాకర్షణ ఇక్కడి దానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. వ్యోమగాములు తేలుతున్నది ఆకర్షణ లేక కాదు, కేంద్రంతో పాటు వాళ్లూ భూమి చుట్టూ నిరంతరం పడుతూ ఉండటం వల్ల. పక్కకు సెకనుకు 7.6 కిలోమీటర్ల వేగం ఉంది కాబట్టి నేల తగలదు, గంటన్నరకో ప్రదక్షిణ పూర్తవుతుంది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ యాత్ర మొత్తం 108 నిమిషాల్లో ముగియడానికీ కారణం అదే, ఒక్క చుట్టు, దిగడం.

రెండోది బరువు. అపోలో యాత్రల శాటర్న్ 5 రాకెట్ నేల మీద సుమారు 2,900 టన్నులు, సముద్రంలో దిగిన క్యాప్స్యూల్ 5 టన్నుల దగ్గర. మోసుకెళ్లే ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి, ఆ చక్రమే రాకెట్ ఇంజనీర్లను నిద్రపోనివ్వదు. ఎవరైనా ఫలానా గ్రహానికి మనుషులను పంపుతాం అంటే, తిరుగు ప్రయాణపు ఇంధనం ఎక్కడిది అని అడగండి.

మూడోది శరీరం, ఆలస్యం. వ్యాయామం లేకపోతే అక్కడ ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది, అందుకే రోజుకు రెండు గంటల దాకా వ్యాయామం. రష్యన్ వ్యోమగామి పోల్యకోవ్ 1994-95లో మీర్ అంతరిక్ష కేంద్రంలో ఒకే విడతలో 437 రోజులు ఉన్నాడు. అంగారక యాత్రంటే రానూ పోనూ దాదాపు మూడేళ్లు, పైగా అక్కడికి మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు. 1202 లాంటి అలారం అక్కడ మోగితే భూమి నుంచి సాయం రాదు. ఈ ఒక్క తేడా వల్ల అంగారక యాత్ర చంద్రయాత్రకు పెద్ద రూపం కాకుండా పూర్తిగా వేరే పని అవుతుంది.

6. ఇప్పుడు వార్తలకు రండి, వాటిని మూడు అరల్లో పెట్టండి

కొలిచినది, కొలత నుంచి తేల్చినది, ఊహించినది. ఒకే వాక్యంలో మూడూ కలిసి వస్తాయి, విడదీయాల్సింది మీరే. ఉదాహరణకు మన నుంచి 124 కాంతి సంవత్సరాల దూరంలో కే2-18బి అనే గ్రహం ఉంది. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ బృందం దాని వాతావరణంలో, భూమ్మీద సముద్ర జీవులు వదిలే ఒక రసాయనం జాడ కనిపించిందని చెప్పింది. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ తెచ్చిన వర్ణపటం కొలత. ఆ గీతలు ఫలానా రసాయనానివి అనడం తేల్చినది, అది కూడా 3 సిగ్మా స్థాయిలో, వేరే బృందాలు అప్పుడే అనుమానించాయి. జీవం అనడం మాత్రం ఊహ. వార్తల హెడ్డింగ్‌లో పడింది మూడోదే.

సిగ్మా అంటే భయపడకండి. ఏ సంకేతమూ లేకుండా కేవలం యాదృచ్ఛికంగా అలాంటి డేటా వచ్చే అవకాశం ఎంత అని చెప్పే కొలత అది. 3 సిగ్మా అంటే వెయ్యికి మూడు, 5 సిగ్మా అంటే లక్షల్లో ఒకటి. సాధారణంగా "కనిపెట్టాం" అనాలంటే 5 కావాలంటారు. అయితే ఒకటి, పరికరంలోనే లోపముంటే ఎన్ని సిగ్మాలున్నా కాపాడవు. 2011లో ఒపేరా ప్రయోగంలో న్యూట్రినోలనే అతిచిన్న కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు వచ్చినట్టు కనిపించింది, తర్వాత చూస్తే ఒక కేబుల్ సరిగా బిగించలేదు. 2014 మార్చిలో బైసెప్2 బృందం విశ్వం పుట్టిన తొలి క్షణాల నాటి గురుత్వ తరంగాల గుర్తు దొరికిందని ప్రకటించింది, మరుసటి ఏడాదికల్లా ఆ గుర్తును మన పాలపుంతలోని ధూళితోనే వివరించవచ్చని తేలింది. ఇవి చెప్పడం సైన్స్ మీద నమ్మకం తగ్గించడానికి కాదు. తప్పు పట్టుకున్నది మళ్లీ శాస్త్రవేత్తలే, అదీ అందరి ముందే.

గ్రహశకలాల వార్తలకు ఇంకో మెలకువ కావాలి. 2024 వైఆర్4 అనే శకలం 2032లో భూమిని తాకే అవకాశం 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా పెరిగింది, చాలామంది టెన్షన్ పడ్డారు, నెల తిరక్కముందే దాదాపు సున్నా అయింది. ఇందులో ఎవరూ మాట మార్చలేదు. మొదట్లో దాని దారి సరిగా తెలియదు కాబట్టి వెళ్లగల చోట్ల పట్టీ చాలా పొడుగ్గా ఉంటుంది, భూమి అందులో చిన్న చుక్క. కొలతలు పెరిగేకొద్దీ పట్టీ కుదించుకుపోతుంది, భూమి ఇంకా అందులోనే ఉన్నంతకాలం శాతం పెరుగుతున్నట్టు కనిపిస్తుంది, భూమి బయటపడగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఈ సంగతి తెలిస్తే తర్వాతి శకలం వచ్చినప్పుడు మీరు మీవాళ్లకు ధైర్యం చెప్పగలరు.

7. విన్నది వదలకుండా పట్టుకోవడానికి

ఎపిసోడ్ అయిపోయాక రెండే రెండు లైన్లు రాయండి: ఏ మెట్టు మీది వస్తువు, ఎలా తెలిసింది. అంతకు మించి నోట్స్ రాయాలని పెట్టుకుంటే మూడో వారానికి మానేస్తారు. తర్వాత ఎవరికైనా నోటితో చెప్పండి, చెప్పేటప్పుడు ఎక్కడ తడబడతారో అక్కడే మీకు అర్థం కానిది ఉన్నట్టు, ఆ భాగం మళ్లీ వినండి. బొమ్మ కావాలనిపిస్తే నాసా వాళ్ల ఐస్ ఆన్ ది సోలార్ సిస్టమ్‌లో వ్యోమనౌకలు ఇప్పుడు ఎక్కడున్నాయో తిప్పి చూసుకోవచ్చు. అంతరిక్ష కేంద్రం మీ మీదుగా ఎప్పుడు వెళుతుందో చెప్పే ఉచిత యాప్‌లున్నాయి, సూర్యాస్తమయం తర్వాత గంటా రెండు గంటల్లోనో, తెల్లవారుజామునో మిణుకు లేని చుక్కగా నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. 2000 నవంబర్ 2 నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు.

ఇలా కొన్ని నెలలు గడిచాక వినడం ఒక్కటే సరిపోవడం లేదనిపిస్తుంది. అప్పుడు శాస్త్రవేత్తల డేటాను మామూలు జనం కూడా పరిశీలించే జూనివర్స్ సైట్‌కు వెళ్లండి, డిగ్రీలు అడగరు. అక్కడి ప్రాజెక్టుల్లో కొన్నింట్లో నక్షత్రాల వెలుగు కాలంతో ఎలా మారిందో చూపే గ్రాఫులు చూసి గ్రహం దాటిన పల్లం ఉందో లేదో చెప్పాలి, కొన్నింట్లో గెలాక్సీల ఆకారాలు గుర్తించాలి. అన్నీ మొదలైంది 2007లో, గెలాక్సీ జూ అనే ప్రాజెక్టుతో. ఆ ఏడాదే నెదర్లాండ్స్‌కు చెందిన హానీ వాన్ ఆర్కెల్ అనే స్కూల్ టీచర్ ఒక గెలాక్సీ పక్కన వింత మరక చూసి ఇదేమిటని అడిగింది. గెలాక్సీ మధ్యలో ఒకప్పుడు భగభగ మండి ఆరిపోయిన క్వేజార్ (వాయువును మింగుతూ వెలిగే భారీ కృష్ణబిలం) కాంతి తగిలి ఇంకా వెలుగుతున్న వాయు మేఘమని తర్వాత తేల్చారు, దానికి ఆమె పేరే పెట్టారు. ఖాతా తెరిచాక మొదట చిన్న ట్యుటోరియల్ వస్తుంది, అది దాటేయకుండా పూర్తి చేసి, మొదటి పాతిక బొమ్మలు తొందరపడకుండా చూడండి. అనుమానం వచ్చిన బొమ్మ కింద చర్చ బటన్ ఉంటుంది, అక్కడ అడిగేయండి.